కడగకూడని తొట్లు

నేను పాచి పెంచి బతుకుతాను. ఈ మాట పెర్త్ శివార్లలో మేముండే పియారా వాటర్స్‌లో ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత నిజమేనా అని మా ఆయన వైపు చూస్తారు. పుస్తకాల్లో దీనికి సూక్ష్మ శైవలాలని పెద్ద పేరుంది. ఆ పేరు చెబితే నవ్వరు గానీ అర్థం కాదు. అందుకని పుట్టినరోజు పార్టీల్లో ఏ ఆంటీ అయినా ఏం జాబమ్మా అని అడిగితే, వాటర్ ట్రీట్‌మెంట్ అని చెప్పి పులిహోర వైపు నడుస్తాను. ఏ నీళ్ళో చెప్పను. ఒకే ఒక్కసారి, పందుల ఫారం నుంచి వచ్చే మురుగునీళ్ళని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ రోజు నేను చేసి తీసుకెళ్ళిన గుత్తివంకాయ కూర నిండు గిన్నెతో ఇంటికి తిరిగొచ్చింది.

ఫారం మా ఇంటికి గంట పైన దూరం. కొత్త ఇళ్ళ వరసలు అయిపోయి, గోధుమ పొలాలు మొదలయ్యాక వస్తుంది. పందులున్న షెడ్లలోకి మమ్మల్ని రానివ్వరు, మనుషుల వల్ల వాటికి జబ్బులొస్తాయని. కంచె బయట, మురుగు గుంటల పక్కన మాకు కాస్త జాగా ఇచ్చారు. అక్కడ వెడల్పుగా, లోతు లేకుండా మూడు తెల్ల తొట్లు ఉంటాయి. ఒక్కో దానిలో నీళ్ళను మెల్లగా కదిలించే తెడ్డు చక్రం తిరుగుతూ ఉంటుంది. పక్కన ఓ రేకుల షెడ్డు. ఎండాకాలం ఈగలు, చలికాలం బురద, రెండు కాలాల్లోనూ వాసన. ఇంటికి రాగానే బూట్లు గరాజ్‌లో విడిచి, తలస్నానం చేస్తే గానీ నన్ను నేను వంటింట్లోకి రానిచ్చుకోను.

పని సంగతి సులువుగానే చెప్పొచ్చు. పంది పిల్లలకు జబ్బు చేస్తే యాంటీబయాటిక్స్ వేస్తారు. మనం మింగే వాటికి అవి దగ్గర చుట్టాలే. వేసిన మందులో చాలా భాగం ఒంటికి పట్టకుండా బయటికి వచ్చేస్తుంది. మురుగుతో పాటు గుంటలోకి, గుంటలోంచి పొలంలోకి పోతుంది. మట్టిలో ఉండే క్రిములు దాన్ని కొంచెం కొంచెంగా రుచి చూసి అలవాటు పడిపోతాయి. అలా అలవాటు పడ్డవి రేపు మన పిల్లల ఒంట్లో చేరితే డాక్టరు రాసే మందు వాటిని ఏమీ చేయలేదు. ఆ మందు పొలం దాకా పోకుండా తొట్టిలోనే ఆపడం నా ఉద్యోగం. పాచి ఎండ తాగి ఆక్సిజన్ వదులుతుంది. బ్యాక్టీరియా ఆ ఆక్సిజన్ పీల్చి, మురుగునీ మందునీ ముక్కలు చేసి, పాచికి కావలసిన గాలిని తిరిగి వదులుతుంది. ఇద్దరూ అలా కాపురం చేస్తారు. తొట్టి గోడలకి పట్టే ఆకుపచ్చని జిగట పొరే వాళ్ళ ఇల్లు.

ఆ పొర పట్టించడానికి మాకు రెండు చలికాలాలు పట్టింది. పాత తొట్టిలోంచి ఒక చెంబుడు తీసి కొత్త దాంట్లో పోయడం, అది నిలదొక్కుకున్నాక మందు మోతాదు కాస్త పెంచడం, చచ్చిపోతే మళ్ళీ మొదలు. ఇంట్లో పెరుగు తోడు పెట్టడం ఎలాగో ఇదీ అంతే. మా ఆయనకి కొన్న పెరుగు గొంతు దిగదు. అందుకని వంటింటి గట్టు మీద ఓ చిన్న స్టీలు గిన్నెలో రెండు చెంచాల పెరుగు ఎప్పుడూ తోడుకని మిగిల్చి ఉంచుతాను. ఆ గిన్నె, ఈ తొట్లు, రెండూ చూసేవాళ్ళకి కడగాల్సినవాటిలాగే కనిపిస్తాయి.

ఇంత చదువు చదివాక కూడా నాది ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. ప్రతి ఏడూ ఆ మెయిల్ వచ్చేదాకా సగం ప్రాణం దాని మీదే ఉంటుంది. మిగతా సగం తొట్ల మీద. ఇది చాలదన్నట్టు పోయిన ఎండాకాలం మా ఆయన ఉద్యోగం పోయింది. సిటీలో ఓ పెద్ద ఆఫీసులో ఐటీ. టీమ్ మొత్తాన్నీ మీటింగ్ రూమ్‌లోకి పిలిచి, ఎంతో మర్యాదగా మాట్లాడి, మర్యాదగానే ఇంటికి పంపేశారు. ఇక ఇంటి లోనుకీ, టెన్త్‌లో ఉన్న మా అమ్మాయి చదువుకీ నా జీతమే దిక్కు.

ఆయన గోల చేసే మనిషి కాదు. పొద్దున్నే స్నానం చేసి, చొక్కా ఇస్త్రీ చేసుకుని, అప్లికేషన్లు పంపేవారు. మధ్యాహ్నానికి అవి అయిపోయేవి. అప్పుడు మొదలైంది కడగడం. జోరుగా నీళ్ళు చిమ్మి మురికి వదిలించే ఓ ప్రెషర్ వాషర్ కొనుక్కొచ్చారు. ముందు డ్రైవ్‌వే కడిగారు. తర్వాత ఫెన్స్, తర్వాత చెత్త బిన్నులు, ఆపైన పక్కింటివాళ్ళ బిన్నులు కూడా. పెళ్ళైన ఇన్నేళ్ళలో కాఫీ కప్పు కడిగి ఎరగని మనిషి చేతిలో తుపాకీలాంటి ఆ పైపు పట్టుకుని వీధంతా తిరుగుతుంటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. కానీ సాయంత్రం నేను కారు దిగగానే, ఇవాళ ఇది కడిగాను చూడు అని చూపించేటప్పుడు ఆ మొహంలో కాస్త కళ ఉండేది. బాగుందండీ అనేదాన్ని. అన్ని కష్టాల్లోనూ నాకు పెద్దగా శ్రమ లేని పని అదొక్కటే.

ప్రాజెక్టుకి డబ్బిచ్చే సంస్థవాళ్ళు సోమవారం తొట్లు చూడటానికి వస్తామని కబురు చేశారు. పొడిగింపు సంగతి ఆ చూపుల్లోనే తేలుతుంది. ఆ ముందు శనివారం నేను ఫారంకి బయల్దేరుతుంటే ఆయనా వస్తానన్నారు. ఇంట్లో కడగడానికి ఇంకేం మిగల్లేదని నాకు తెలుసు. వాషర్‌ని డిక్కీలో పెట్టుకుంటుంటే, షెడ్డు ముందు సిమెంటు మీద బురద పేరుకుంది, అది కడిగి పెట్టండి అన్నాను. ఆయన సంతోషంగా తల ఊపారు.

నేను ఫారం యజమానితో కలిసి పెద్ద గుంట దగ్గర పాడైన పంపు చూడటానికి వెళ్ళాను. ఆ మనిషి మాటకారి. పంపు గురించి, వాన గురించి, తన మోకాలి గురించి చెప్పి వదిలేసరికి బాగా ఆలస్యమైంది. తిరిగి వస్తుంటే దూరం నుంచే ఏదో తేడాగా అనిపించింది. తొట్లు మెరుస్తున్నాయి. రోజూ పసరు రంగులో మురిగ్గా కనిపించే గోడలు షోరూమ్‌లో బాత్‌టబ్బుల్లా తెల్లగా ఉన్నాయి. నీళ్ళు తీసేసి, గోడలు తోమేసి, గుంటలోంచి కొత్త నీళ్ళు నింపి, తెడ్డు చక్రాలు కూడా తిప్పి పెట్టారు. గీకిన పాచి అంతా కాలవ వెంట పోయి ఎండకి అట్ట కట్టింది. మూడో తొట్టి ఒక్కటే మిగిలింది, పైపు అక్కడిదాకా అందక.

ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి, మొహం మీద ఆకుపచ్చ చుక్కలతో నిలబడి ఉన్నారు.

"సోమవారం గెస్టులొస్తారన్నావుగా," అన్నారు. "మరీ అంత జిడ్డుగా పెట్టుకుంటే ఏం బాగుంటుంది? మూడోది బకెట్‌తో తోమేస్తా, పది నిమిషాలు."

మా అత్తగారింట్లో చుట్టాలొస్తున్నారంటే ముందు చేసే పని నీళ్ళ తొట్టి పాచి వదలగొట్టడం. పిల్లలందరి చేతికీ తలా ఒక కొబ్బరి పీచు ఇచ్చి తొట్టిలోకి దింపేవారట. మా ఆయన తోమినంత తెల్లగా ఇంకెవరూ తోమేవారు కాదని మా ఆడపడుచు ఇప్పటికీ చెబుతుంది. ఈ ఇరవై ఏళ్ళ కాపురంలో నేను పాచి గురించి చెప్పినవన్నీ ఆయన విన్నారు. బ్యాక్టీరియా పేర్లు కూడా కొన్ని వచ్చు. కానీ చుట్టాలొస్తున్నారంటే చేతులకి ఆ చదువేం గుర్తుంటుంది.

నాకు కోపం రాలేదు. రావడానికి కూడా కాస్త ఓపిక కావాలి. కాలవ పక్కన కూర్చుండిపోయాను. ఆయన దగ్గరికొచ్చి, ఏమైంది అన్నారు. పొర పోయిందండీ, పని చేసేది అదే, అన్నాను. ఆయనకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. చేతిలో పైపు మెల్లగా కింద పెట్టారు. మూడో తొట్టిలోంచి తోడు తీసి ఇప్పుడే ఈ రెంటికీ వేద్దాం, ఎలాగో చెప్పు, నేను చేస్తాను అన్నారు. నాకు లేచే శక్తి లేదు. సోమవారం వాళ్ళు వెళ్ళాక చూద్దాంలే, ఇంటికి పోదాం అన్నాను. దారంతా ఆయన డ్రైవ్ చేశారు. ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఇంటికి రాగానే సంగతి విని మా అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. "డాడ్, యూ వాష్డ్ ద ఎక్స్‌పెరిమెంట్?" అంది. ఆయన నవ్వడానికి ప్రయత్నించారు. అది చూడలేక నేను లోపలికి వెళ్ళిపోయాను.

సోమవారం అతిథులు కొత్త గమ్‌బూట్లతో వచ్చారు. మా యూనివర్సిటీ ప్రొఫెసరైన నా బాస్ ముందే వచ్చి తొట్లు చూసి మొహం మాడ్చుకుని ఉన్నాడు. వచ్చినవాళ్ళకి మాత్రం తెల్లగా మెరిసే రెండు తొట్లూ తెగ నచ్చాయి. ఎంత శుభ్రంగా పెట్టుకున్నారో అన్నారు. వాటి ముందు నిలబడి ఫోటోలు తీసుకున్నారు. పసరు పట్టి బుడగలు కక్కుతున్న మూడో తొట్టి వైపు చూసి, దీన్ని బాగు చేస్తున్నారా అని ఒకతను అడిగాడు. పని చేసేది ఆ ఒక్కటే. బాస్ నా వైపు చూశాడు. ఊరుకుంటే ఊరుకోవచ్చు, గండం గడిచిపోతుంది, తర్వాత మెల్లగా పొర పెంచుకోవచ్చు.

ఊరుకోవడానికి కూడా ఓపిక కావాలని నాకు అప్పుడే తెలిసింది. ఒక అబద్ధం చెప్పాక దాన్ని రోజూ నీళ్ళు పోసి పెంచాలి. నా దగ్గర పెంచాల్సినవి ఇప్పటికే చాలా ఉన్నాయి. శనివారం పొరపాటున ఈ రెండూ కడిగేశామండీ, ఇవి ఇప్పుడు ఉత్త తొట్లు, అని చెప్పేశాను. ఎవరు కడిగారో చెప్పలేదు, మేము అన్నాను.

వాళ్ళలో ఒక పెద్దావిడ ఉంది. ఆవిడ తొట్టి అంచు మీద వేలితో రాసి చూసి, ఒక ప్రశ్న అడిగింది. మందు పోతోంది సరే, అది పోయేది మీ పాచి వల్లనా, మీ ఎండ వల్లనా? పెర్త్ ఎండకి కొన్ని మందులు వాటంతటవే విరిగిపోతాయి కదా?

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. ల్యాబ్‌లో చిన్న చిన్న గాజు ఫ్లాస్కుల్లో చూశాం గానీ, ఇక్కడ ఎండలో, నిజమైన మురుగులో, పాచి లేని తొట్టి పెట్టి చూడలేదు. ఉన్నవి మూడు తొట్లు, మూడింటిలోనూ పాచే వేశాం. బాస్ ఏదో చెప్పబోయాడు. తెలియదండీ అన్నాను. అయితే ఈ రెంటికీ తోడు వేయకండి, కొన్నాళ్ళు ఇలాగే నడిపి కొలవండి, అంది ఆవిడ. తర్వాత అందరూ కార్లెక్కి వెళ్ళిపోయారు.

కొలిచాను. గోడల మీద కొత్త పొర పట్టకుండా అప్పుడప్పుడూ తుడుస్తూ, మూడు తొట్లలోంచీ నీళ్ళు పట్టి, యూనిలో మెషీన్‌లో పెట్టి చూస్తూ వచ్చాను. మేం వెంటాడుతున్నవి ముఖ్యంగా రెండు రకాల మందులు. మొదటి రకం ఉత్త తొట్లలో కూడా చాలావరకు మాయమైపోయింది. అంటే ఇన్నాళ్ళూ నా పాచి ఖాతాలో రాసుకున్న గొప్పలో సగానికి పైగా సూర్యుడిదే. రెండో రకాన్ని ఎండ ఏమీ చేయలేకపోయింది. ఉత్త తొట్లలోంచి అది వచ్చింది వచ్చినట్టే బయటికి పోయింది. మూడో తొట్టిలో మాత్రం దాదాపు మిగల్లేదు. అది నా పొర పనే, అందులో అనుమానం లేదు.

ఆ అంకెలు చూసి నేను సంతోషించానా, కుంగిపోయానా అని ఇప్పటికీ చెప్పలేను. ఇన్నేళ్ళు నేను పెంచిందాంట్లో సగం నాది కాదని తేలింది, మిగతా సగం అచ్చంగా నాదని తేలింది. బాస్ గొణుక్కుంటూనే నివేదిక తిరగరాశాడు. ఆ పెద్దావిడ సంస్థ కాంట్రాక్టు పొడిగించింది, కానీ వారానికి కొన్ని రోజులకే, అదీ ఉత్త తొట్టిని పక్కన పెట్టుకుని పద్ధతిగా మళ్ళీ మొదలుపెట్టమని. జీతం తగ్గింది. ఇల్లు నిలిచింది. బతికిపోయాం అనుకున్నాను.

ఇంట్లో బతుకు మాత్రం తేడాగా ఉంది. మా ఆయన వాషర్‌కి పాత దుప్పటి చుట్టి గరాజ్ మూల పెట్టేశారు. గుడివాళ్ళు కార్ పార్క్ కడగడానికి రమ్మంటే, అది పాడైందని చెప్పారు. డ్రైవ్‌వే మీద మళ్ళీ నూనె మరకలు తేలాయి. అది కాదు నన్ను బాధపెట్టింది. ఆయన ప్రతిదీ అడగడం మొదలుపెట్టారు. నేను తాగి పెట్టిన కాఫీ కప్పు చూపించి, "ఇది కడగొచ్చా?" అనేవారు. నా లంచ్ బాక్సు పట్టుకుని, "ఇందులో ఏం లేదుగా?" అనేవారు. రాత్రి భోజనాలయ్యాక గట్టు మీద తోడు గిన్నె దగ్గర ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుని, నా వైపు చూసేవారు. వద్దండీ, అది తోడు, అనేదాన్ని. సరే సరే అని పక్కకి తప్పుకునేవారు, ఎవరింట్లోనో చుట్టంగా వచ్చినవాడిలాగ.

ఉద్యోగం ఎవరో తీసేసుకున్నారు. ఇంట్లో చెయ్యి వేసే చనువు నా మౌనం తీసేసుకుంది. ఏమీ అనకపోవడం కూడా అన్నట్టే అవుతుందని ఇంతకాలం కాపురం చేశాక తెలిసింది. మీ మీద నాకేం కోపం లేదండీ అని రెండు మూడుసార్లు చెప్పాను. నాకు తెలుసులే అన్నారు. మర్నాడు మళ్ళీ టీ గ్లాసు చూపించి, కడగొచ్చా అన్నారు. ఎన్ని మాటలు చెప్పినా అది పోయేది కాదని అర్థమై నేనూ ఊరుకున్నాను. కొన్ని రోజులు ఇంటికి వెళ్ళాలంటేనే అలసటగా ఉండేది.

చలికాలం గడిచి, ఫారం దారి పక్కన పసుపు పువ్వులు మొదలయ్యాయి. కొత్త పద్ధతిలో మొదటి తొట్టిని ఉత్తగా పెట్టాలి. చలికాలంలో పని ఆగినప్పుడు దానికి పాచి దట్టంగా పట్టేసింది. గోడల మీద గోరంత కూడా మిగలకుండా తోమాలి, మిగిలితే అదే మళ్ళీ అల్లుకుంటుంది. ఎవరైనా స్టూడెంట్‌ని పంపుతానన్నాడు బాస్. అక్కర్లేదు, నా దగ్గర మనిషి ఉన్నాడని చెప్పాను.

శనివారం పొద్దున వాషర్ మీద దుప్పటి తీసి నేనే డిక్కీలో పెట్టాను. ఆయన చూసి ఎక్కడికి అన్నారు. పని ఉంది, పైన ఆ పాత చొక్కా వేసుకోండి అన్నాను. దార్లో సంగతి చెప్పాను.

తొట్టి దగ్గర పైపు పట్టుకుని నిలబడ్డారు గానీ మీట నొక్కలేదు.

"నిజంగా కడగమంటావా? మళ్ళీ ఆలోచించుకో."

"ఆలోచించుకునే తీసుకొచ్చానండీ. నాకు తెల్లగా కావాలి. మీ అంత తెల్లగా ఎవరూ తోమలేరు."

"మొత్తమా?"

"మొత్తం."

ఆయన మొదలుపెట్టారు. ముందు భయం భయంగా, ఒక మూల మాత్రమే. నేను షెడ్డులోకి వెళ్ళకుండా పక్కనే నిలబడ్డాను. పాచి పెచ్చులు పెచ్చులుగా లేచి కాలవలోకి జారుతోంది. కాసేపటికి ఆయన చేతులకి పాత సంగతులు గుర్తొచ్చినట్టున్నాయి. బూట్లు విప్పేసి తొట్టిలోకి దిగారు. వాషర్ అందని అంచుల్ని బ్రష్షుతో తోమారు, ఆ తర్వాత గోటితో గీకి చూసుకున్నారు. ఇక్కడ ఇంకా ఉంది, ఇక్కడ ఇంకా ఉంది అని తనలో తాను అనుకుంటుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎండ పడిందని చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. పని పూర్తయ్యాక ఫారం యజమాని వచ్చి, ఈ మనిషిని నాకు కొన్నాళ్ళు అద్దెకిస్తావా అని నన్ను ఆటపట్టించాడు. ఖాళీ లేదని మా ఆయనే జవాబు చెప్పారు.

ఇంటికొచ్చేసరికి నేను నిలబడలేనంత అలిసిపోయాను. స్నానం చేసి వచ్చి సోఫాలో వాలిపోయాను. వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. కుళాయి తిప్పడం, ఆపడం, మళ్ళీ తిప్పడం. కడగొచ్చా అన్న ప్రశ్న కోసం చెవులు రిక్కించి ఎదురుచూశాను. అది రాలేదు. ఆయన కూనిరాగం తీస్తున్నారు.

లేచి వెళ్ళి చూద్దును కదా, సింకు ఖాళీగా ఉంది. గట్టు తుడిచి ఉంది. కప్పులు, లంచ్ బాక్సు, పప్పు గిన్నె అన్నీ తువ్వాలు మీద వరసగా బోర్లించి ఉన్నాయి. వాటి చివర, తళతళా మెరుస్తూ, నా తోడు గిన్నె కూడా ఉంది. ఆయన చేతులు తుడుచుకుంటూ, అయిపోయింది అన్నట్టు నా వైపు చూశారు.

బాగుందండీ అన్నాను.

మర్నాడు పొద్దున ఆయన నిద్ర లేవకముందే, ఓ చిన్న డబ్బా పట్టుకుని, రెండిళ్ళ అవతల ఉండే ఆంటీ దగ్గరికి తోడుకి వెళ్ళాను.